ఆపరేషన్ అయ్యి నెలలు గడిచినా చంకలో మంట, మనసులో భయం. మీరెలా తట్టుకుంటున్నారు?

ఉప్పల్_టీచర్
రాత్రి 11:52

అందరికీ నమస్కారం. కుడి వైపు రొమ్ము తీసేశారు, చంకలో గ్రంథులు కూడా తీశారు. కీమో, రేడియేషన్ అన్నీ అయిపోయాయి. ఇప్పుడు టామోక్సిఫెన్ (క్యాన్సర్ మళ్ళీ రాకుండా ఇచ్చే హార్మోన్ మాత్ర) వేసుకుంటున్నాను. రిపోర్టులన్నీ బాగున్నాయన్నారు. కుట్లు మానిపోయాయి. నొప్పి మాత్రం నన్ను వదల్లేదు.

చంక కింద నుంచి మోచేతి దాకా లోపలి వైపంతా మొద్దుబారి ఉంటుంది. ముట్టుకుంటే అది నా చెయ్యే కాదనిపిస్తుంది. మళ్ళీ అదే చోట జాకెట్టు కుట్టు రాసుకుందంటే కారం పూసినట్టు మంట. బోర్డు పై వరుసలో రాయాలంటే చంకలో ఏదో పట్టి లాగుతుంది, అందుకని కింది సగంలోనే రాస్తున్నాను. వెనక బెంచీల పిల్లలు "కనబడట్లేదు టీచర్" అంటుంటే ప్రాణం చివుక్కుమంటుంది.

డాక్టర్ గారికి చెప్తే "కొన్నాళ్ళు ఉంటుందమ్మా, తగ్గిపోతుంది" అని తర్వాతి పేషెంటుని పిలిచారు. ఇంట్లో వాళ్ళు మంచివాళ్ళే. కానీ ఒకసారి "ఇంకా నొప్పేనా" అన్నాక వాళ్ళకి చెప్పడం తగ్గించేశాను.

పగలు పిల్లల గోలలో పడి ఎలాగో గడిచిపోతుంది. రాత్రయితేనే కష్టం. నడుము పట్టేస్తే ఎముకల్లోకి వచ్చిందేమో అని, దగ్గొస్తే ఊపిరితిత్తుల్లోకి పాకిందేమో అని. ఫోన్ తీసి వెతుకుతూ కూర్చుంటే ఇంకా టెన్షన్. ఈ నొప్పి మీలో ఎవరికైనా ఉందా? తగ్గిందా? భయాన్ని ఏం చేస్తున్నారు?

---

చామంతి_మల్కాజిగిరి
ఉదయం 6:10

అమ్మా, మీరు రాసింది చదువుతుంటే నా పాత డైరీ చదువుకున్నట్టు ఉంది. నాది ఎడమ వైపు, ఇప్పుడు అయిదో సంవత్సరంలో ఉన్నాను. ముందు ఒక్క మాట చెప్పనివ్వండి. ఆ నొప్పి నిజం. మీరు ఊహించుకుంటున్నది కాదు, మీరు బలహీనులు కావడం వల్ల వచ్చిందీ కాదు. నాకైతే తీసేసిన రొమ్ములో దురద పుట్టేది. లేని చోట ఎక్కడ గోక్కోను? ఎవరికి చెప్పినా నమ్మరని చాలా రోజులు నోరు మెదపలేదు. తీరా డాక్టరుకి చెప్తే ఇది చాలామందికి వచ్చేదే అన్నారు.

నాకు పూర్తిగా పోయిందని చెప్పను. మొదటి రెండేళ్ళతో పోలిస్తే ఇప్పుడు బాగా నయం. చలికాలం ఉదయాల్లో, ఎక్కువ పని చేసిన రోజున గుర్తు చేస్తుంది.

మీరు ఏ మాత్ర వేసుకుంటున్నారు నొప్పికి? మామూలు పారాసెటమాలేనా?

---

తార్నాక_పెద్దమ్మ
ఉదయం 7:35

అమ్మాయ్, భయపడకు. మా చెల్లెలికి గర్భసంచి ఆపరేషన్ అయినప్పుడు నువ్వుల నూనె వెచ్చజేసి గట్టిగా మర్దన చేసి, ఉప్పు మూటతో కాపడం పెట్టేదాన్ని. నొప్పి లాగేసేది. నువ్వూ రాత్రి పడుకోబోయే ముందు చేయించుకో. డబ్బు ఖర్చు కూడా లేదు.

---

ఫిజియో_మలక్‌పేట
ఉదయం 9:20

పెద్దమ్మా, మీరు ప్రేమతో చెప్పారు. కానీ ఈ ఆపరేషన్‌కి అది వద్దు, కారణం చెప్తాను. టీచర్ గారికి ఆ చోట స్పర్శ తగ్గింది. మొద్దుబారిన చర్మానికి వేడి ఎంతుందో తెలియదు, కాలి బొబ్బ లేచాక గానీ తెలియదు. పైగా అది రేడియేషన్ పడిన చర్మం. చంకలో గ్రంథులు తీసేసిన చేతికి కాలిన పుండైతే ఇన్ఫెక్షన్ త్వరగా పాకుతుంది. గట్టి మర్దన కూడా అంతే, వాపు వచ్చే అవకాశం ఉన్న చేతిని గట్టిగా పిసకకూడదు.

టీచర్ గారూ, మీరు చెప్పిన లక్షణాల్లో రెండు వేర్వేరు సంగతులు కనిపిస్తున్నాయి. మొద్దుబారడం, మంట ఒకటి. ఛాతీ గోడ నుంచి చంకలోంచి చేతి లోపలి వైపుకి వెళ్ళే నరం ఒకటుంది, ఇంటర్‌కోస్టోబ్రేకియల్ నరం అంటారు. గ్రంథులు తీసేటప్పుడు అది తెగడమో సాగడమో జరుగుతుంది. అది సరిగ్గా గ్రంథుల మధ్యలోంచే పోతుంది కాబట్టి ఎంత నేర్పున్న సర్జన్ చేసినా ఇలా జరగవచ్చు. దెబ్బతిన్న నరం ఏమీ తగలకపోయినా మంట అని కబురు పంపుతూ ఉంటుంది.

రెండోది ఆ లాగుడు. అద్దం ముందు నిలబడి చెయ్యి పక్కకి ఎత్తి చంక చూసుకోండి. చర్మం కింద సన్నటి తీగల్లాంటివి బిగిసి కనబడుతున్నాయా? కొందరికి మోచేయి దాకా వస్తాయి. దీన్ని కార్డింగ్ అంటాం. మామూలుగా ఆపరేషన్ అయిన కొద్ది వారాల్లో మొదలవుతుంది, కొందరిలో ఆలస్యంగా కనిపిస్తుంది. అది క్యాన్సర్ కాదు. సరైన వ్యాయామంతో చాలావరకు వదులవుతుంది. రేడియేషన్ వల్ల ఛాతీ కండరం బిగుసుకోవడం వేరే. అది నెలల తరబడి నెమ్మదిగా జరుగుతూ ఉంటుంది కనుక, చికిత్స అయిపోయిందని వ్యాయామం మానేయకూడదు.

మంటకి ఇంట్లో చేసుకోదగిన పని ఒకటుంది. బాగా మెత్తటి మల్లు గుడ్డతో ఆ చోట రెండు మూడు నిమిషాలు మెల్లగా రాయండి, రోజుకి కొన్నిసార్లు. అది అలవాటయ్యాక మామూలు నూలు గుడ్డ, ఆ తర్వాత టవల్. స్పర్శ అంటే ప్రమాదం కాదని నరానికి నేర్పడం ఇది. చర్మం ఎర్రగా ఉన్నా, పుండు ఉన్నా చేయకండి.

ఇంకొకటి గుర్తుంచుకోండి. చెయ్యి ఎర్రబడి, వేడిగా ఉండి, వాచి, జ్వరం వచ్చిందంటే రేపటిదాకా ఆగకూడదు. అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి.

---

ఉప్పల్_టీచర్
సాయంత్రం 5:48

స్కూల్ నుంచి రాగానే అద్దంలో చూసుకున్నాను. తీగలున్నాయి! రెండు స్పష్టంగా, ఒకటి సన్నగా. ఇన్నాళ్ళూ చేత్తో తడిమినప్పుడల్లా గడ్డేమో అని చెయ్యి వెనక్కి లాక్కునేదాన్ని. దీనికో పేరుందని తెలిస్తేనే సగం బరువు దిగింది. పెద్దమ్మా, మీరు ఏమీ అనుకోకండి, మీ మాట నాకు చల్లగా ఉంది.

చామంతి గారూ, పారాసెటమాలే. వేసుకున్నా వేసుకోకపోయినా ఒకటే.

---

రిటైర్డ్_నర్సు
రాత్రి 8:15

నొప్పి విభాగంలో చాలా ఏళ్ళు పనిచేశాను, అందుకే రాస్తున్నాను. నరాల నొప్పికి పారాసెటమాల్ పెద్దగా పనిచేయదు. దానికి వేరే మందులున్నాయి: గాబాపెంటిన్, ప్రీగాబాలిన్, అమిట్రిప్టిలిన్, డ్యులాక్సెటిన్ లాంటివి. వీటిలో కొన్ని ఫిట్స్‌కి, కొన్ని డిప్రెషన్‌కి వాడేవి. మెడికల్ షాపులోనో ఇంటర్నెట్‌లోనో ఆ మాట విని "నాకు పిచ్చి అనుకుంటున్నారా" అని మందు పారేసిన వాళ్ళని చూశాను. నరాల్లో ఆ అనవసరమైన కబుర్లని తగ్గించడానికే ఇస్తారు వాటిని. చిన్న డోసుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు. మొదట్లో మత్తుగా, కళ్ళు తిరిగినట్టు ఉండొచ్చు. ఫలితం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది, రెండు రోజులకే పనిచేయలేదని అనుకోవద్దు. తగ్గింది కదా అని ఒక్కసారిగా ఆపనూకూడదు. కిడ్నీ సమస్య ఉంటే ముందే చెప్పాలి.

టీచర్ గారికి ప్రత్యేకంగా ఒక జాగ్రత్త. మీరు టామోక్సిఫెన్ మీద ఉన్నారు. శరీరం ఆ మందుని పనిచేసే రూపంలోకి మార్చుకోవడానికి ఒక ఎంజైమ్ కావాలి. డిప్రెషన్‌కి వాడే పారాక్సెటిన్, ఫ్లూయాక్సెటిన్ ఆ ఎంజైమ్‌ని గట్టిగా అడ్డుకుంటాయి, డ్యులాక్సెటిన్ కొంతవరకు అడ్డుకుంటుంది. కాబట్టి నొప్పికి గానీ, నిద్రకి గానీ, దిగులుకి గానీ ఎవరు ఏ మాత్ర రాసినా "నేను టామోక్సిఫెన్ వాడుతున్నాను" అని ముందు మీరే చెప్పండి. అడుగుతారులే అని ఊరుకోవద్దు.

మాత్రలతో లొంగకపోతే నరం దగ్గర ఇంజెక్షన్ చేసి మొద్దుబరిచే పద్ధతి ఉంది, చర్మం మీద అంటించుకునే లిడోకెయిన్ మత్తు పట్టీలు ఉన్నాయి.

ఎక్కడికి వెళ్ళాలంటే, రెడ్ హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో నొప్పి, పాలియేటివ్ (బాధ తగ్గించే చికిత్స) విభాగం ఉంది. ప్రభుత్వ ఆసుపత్రి, లకడీకాపూల్ మెట్రో స్టేషన్ నుంచి దగ్గరే. అక్కడికి చివరి దశ వాళ్ళే వెళ్తారని జనంలో ఒక భయం ఉంది. ఆ భయంతో ఏళ్ళ తరబడి నొప్పి భరించే వాళ్ళని చూసి నాకు కడుపు తరుక్కుపోతుంది. క్యాన్సర్ పూర్తిగా పోయిన వాళ్ళకి కూడా నొప్పి చికిత్స చేస్తారు. మీ చికిత్స జరిగిన ఆసుపత్రిలోనే పెయిన్ క్లినిక్ ఉంటే ఇంకా సులువు, "నన్ను పెయిన్ క్లినిక్‌కి రాయండి" అని నోరు తెరిచి అడగండి.

అక్కడ "నొప్పిగా ఉంది సార్" అని మాత్రమే అంటే రెండు నిమిషాల్లో పంపించేస్తారు. ఒక కాగితం మీద రాసుకెళ్ళండి. ఎక్కడ, మంటా లాగుడా పోటా, పదికి ఎన్ని మార్కులు, ఏం చేస్తే పెరుగుతుంది, దేని వల్ల ఏ పని ఆగిపోతోంది. "బోర్డు మీద పై వరుసలో రాయలేకపోతున్నాను" అన్న వాక్యం ఉంది చూడండి, దానితోనే మొదలుపెట్టండి. డాక్టర్ తలెత్తి వింటారు.

---

గచ్చిబౌలి_కొడుకు
రాత్రి 10:02

మా అమ్మకి కూడా ఇదే ఆపరేషన్ అయింది. ఇలా అనుమానాలతో నలిగిపోయే బదులు ప్రతి ఆరు నెలలకీ ఒక పెట్ స్కాన్ (ఒంట్లో ఎక్కడైనా క్యాన్సర్ ఉందేమో చూసే స్కాన్) చేయించేస్తే సరిపోతుంది కదా? డబ్బు నేను పెట్టుకుంటాను. అమ్మకి మనశ్శాంతి ఉంటే చాలు. డాక్టరేమో అవసరం లేదంటున్నారు. ఖర్చు గురించి ఆలోచించి అలా అంటున్నారా?

---

రిటైర్డ్_నర్సు
రాత్రి 10:40

బాబూ, అమ్మ మీద నీ ప్రేమకి దండం. డాక్టర్ చెప్పింది మాత్రం ఖర్చు గురించి కాదు. లక్షణాలేమీ లేనప్పుడు మాటిమాటికీ పెట్ స్కాన్లు, ట్యూమర్ మార్కర్లు (క్యాన్సర్ ఆనవాళ్ళ కోసం చేసే రక్త పరీక్షలు) చేయడం వల్ల ఆయుష్షు పెరగదని తేలింది కాబట్టే మార్గదర్శకాలు వాటిని వద్దంటాయి. స్కాన్‌లో ఎక్కడో చిన్న చుక్క వెలుగుతుంది. అది పాత ఇన్ఫెక్షన్ మచ్చ కావచ్చు. అదేంటో తేల్చడానికి ఇంకో స్కాన్, బయాప్సీ, అన్ని రోజులూ ఇంటిల్లిపాదికీ అన్నం సహించదు. మనశ్శాంతి అన్నావు, అది రిపోర్టు వచ్చిన ఒకటి రెండు వారాలుంటుంది, తర్వాత మళ్ళీ మొదటికొస్తుంది.

తప్పనిసరిగా చేయించాల్సినవి వేరే. మొదటి మూడేళ్ళు మూడు నుంచి ఆరు నెలలకోసారి డాక్టర్ చేత్తో పరీక్ష, నాలుగు అయిదు సంవత్సరాల్లో ఆరు నెలల నుంచి ఏడాదికోసారి, ఆ తర్వాత ఏటా. మిగిలిన రొమ్ముకి ఏడాదికోసారి మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే). అవి ఒక్కటి కూడా తప్పనివ్వకు. కొత్త లక్షణం వస్తే డాక్టరే స్కాన్ రాస్తారు.

---

గచ్చిబౌలి_కొడుకు
రాత్రి 10:55

అర్థమైంది మేడమ్. అయినా ఒక్కసారైనా చేయిస్తే బాగుండుననే మనసు పీకుతోంది. వచ్చే చెకప్‌లో మీరు చెప్పినదంతా డాక్టర్‌తో కూర్చుని అడుగుతాను.

---

బోరబండ_ఇల్లాలు
మధ్యాహ్నం 2:20

అక్కలూ, మాది రొమ్ము క్యాన్సర్ కాదు, మా ఆయనది. గుట్కా వల్ల దవడ లోపల వచ్చింది. చెంప లోపల కోసి, మెడ గ్రంథులు తీశారు. ఆరోగ్యశ్రీలో అయింది. ఇప్పుడు ఎడమ భుజం జారిపోయినట్టు ఉంది, చెయ్యి తల దాకా లేవట్లేదు, రాత్రుళ్ళు మెడ, భుజం నొప్పితో మూలుగుతాడు. నోరు రెండు వేళ్ళు కూడా పట్టట్లేదు. ఆటో నడిపేవాడు, ఇప్పుడు నడపలేకపోతున్నాడు. ఎవరితోనూ మాట్లాడడు. నేను అడిగితే కసురుతాడు. ఇది కూడా ఆపరేషన్ వల్లేనా? మళ్ళీ వచ్చిందేమో అని నాకు లోపల వణుకు.

---

ఫిజియో_మలక్‌పేట
మధ్యాహ్నం 3:45

చెల్లీ, మెడ గ్రంథులు తీసినప్పుడు భుజాన్ని పైకెత్తే కండరానికి వెళ్ళే నరం దెబ్బతినొచ్చు, లేదా సాగి కొన్నాళ్ళు పనిచేయకపోవచ్చు. భుజం జారడం, చెయ్యి లేవకపోవడం దానివల్ల రావచ్చు. నరం సాగి మాత్రమే ఉంటే నెలల్లో కొంత కోలుకుంటుంది. ఈలోపు భుజం బిగుసుకుపోకుండా చూసుకోవాలి. కూర్చున్నప్పుడు ఆ చెయ్యి కిందికి వేలాడనివ్వకండి, దిండు మీద పెట్టించండి. భుజం ఎముకల చుట్టూ కండరాలకి బలం వచ్చే వ్యాయామాలు ఫిజియో దగ్గర నేర్చుకోవాలి.

నోటికి ఐస్‌క్రీం పుల్లలు వాడతాం. పళ్ళ మధ్య పట్టినన్ని పుల్లలు ఒకదాని మీద ఒకటి పేర్చి పెట్టి కాసేపు ఉంచాలి, రోజుకి కొన్నిసార్లు. నోరు సాగేకొద్దీ మరో పుల్ల చేర్చాలి. మూడు వేళ్ళు నిలువుగా పడితే మామూలుగా తెరుచుకుంటున్నట్టు. మొదటిసారి డాక్టర్‌కో ఫిజియోకో చూపించి మొదలుపెట్టండి.

నోట్లో కొత్త పుండు, మెడలో కొత్త గడ్డ, రక్తం, రోజురోజుకీ నోరు ఇంకా మూసుకుపోవడం, వీటిలో ఏదున్నా తర్వాతి తారీఖు దాకా ఆగకుండా చూపించండి.

---

చైతన్యపురి_భర్త
రాత్రి 9:05

నేను అటువైపు నుంచి అడుగుతున్నాను. నా భార్యకి గత ఏడాది ఆపరేషన్ అయింది. నొప్పి అంటుంది. నేను "డాక్టర్ బాగుందన్నాడు కదా, ధైర్యంగా ఉండు" అంటాను. ఆమె ముఖం అటు తిప్పుకుంటుంది. ధైర్యం చెప్పకపోతే ఇంకేం చెప్పాలి? నాకు తెలియట్లేదు. దయచేసి చెప్పండి.

---

ఉప్పల్_టీచర్
రాత్రి 9:50

అన్నా, మీరు అడిగినందుకే మీ భార్య అదృష్టవంతురాలు. నాకు తోచింది చెప్తాను.

"డాక్టర్ బాగుందన్నాడు కదా" అనగానే మాకు వినిపించేది ఇక నొప్పి గురించి మాట్లాడకు అని. మీ ఉద్దేశం అది కాదని తెలుసు. ఆమె నొప్పి అన్నప్పుడు "ఈ రోజు ఎంత ఉంది, నిన్నటికంటే ఎక్కువా?" అని అడిగి చూడండి. ఆమె చెప్పేది విని, మందో సలహానో ఇవ్వకుండా కాసేపు కూర్చోండి. మా ఆయన ఒకసారి ఏమీ అనకుండా బియ్యం బస్తా తీసి, కుడి చేత్తో వంగకుండా అందే ఎత్తులో డబ్బాలో పోసి పెట్టారు. ఆ రోజు నాకు ఏడుపొచ్చింది. నొప్పి తగ్గలేదు, కానీ నేనొక్కదాన్నే మోయట్లేదనిపించింది.

ఇంకొకటి. మేము ఒకరికొకరం చెప్పుకోలేని సంగతి, మీరు కూడా భయపడుతున్నారని మాకు తెలుసు. ధైర్యంగా ఉన్నట్టు కనబడాలని మీరు, మీకు బరువు కాకూడదని మేము, ఇద్దరం వేర్వేరు గదుల్లో మేలుకుని ఉంటాం. "నాకూ భయమేస్తోంది" అని మీరు ఒక్కసారి అంటే ఆమెకి ఎంత ఊరటో.

కారులో ముందు సీట్లో కూర్చుంటే బెల్టు సరిగ్గా ఆపరేషన్ చోటే రాసుకుంటుంది కొందరికి. చిన్న మెత్తటి దిండు బెల్టుకీ ఒంటికీ మధ్య పెట్టుకునేలా కొని ఇవ్వండి.

---

చామంతి_మల్కాజిగిరి
ఉదయం 5:55

భయం గురించి టీచర్ గారు మొదట్లో అడిగారు, దానికి సరిగ్గా ఎవరం జవాబివ్వలేదు. నేను రాస్తాను.

నాకు చెకప్ తారీఖు దగ్గర పడుతోందంటే ఒంట్లో ప్రతి చోటా నొప్పి పుట్టేది. ఆ ఓపీ వరండా, ఫినాయిల్ వాసన, టోకెన్ నంబరు పిలిచే గొంతు తలుచుకుంటేనే అరచేతుల్లో చెమట. మా క్యాన్సర్ డాక్టరమ్మ ఒక సూత్రం చెప్పారు, అది నాకు ఆసరా అయింది. కొత్త నొప్పి వస్తే క్యాలెండర్ మీద ఆ తేదీన చిన్న గుర్తు పెట్టి వదిలేయాలి. రెండు మూడు వారాలైనా అదే చోట ఉంటూ, పెరుగుతూ ఉంటే, లేదా రాత్రి నిద్రలోంచి లేపేస్తుంటే ఫోన్ చేయాలి. గడ్డ తగిలినా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా చూపించాలి. వచ్చి పోయే నొప్పికి ఆ గుర్తు చాలు. నేను పెట్టిన గుర్తుల్లో ఎక్కువ భాగం వారం తిరిగేసరికి ఎందుకు పెట్టానో నాకే గుర్తుండేది కాదు.

ఆగకూడనివి కూడా చెప్పారు. నడుము నొప్పితో పాటు కాళ్ళలో బలం తగ్గినా, తిమ్మిరి ఎక్కినా, మూత్రం మీద పట్టు పోయినా అదే రోజు ఎమర్జెన్సీకి. ఊపిరి ఆడకపోయినా అంతే.

రాత్రి ఆలోచనలకి మాత్రం సాయం తీసుకున్నాను. కౌన్సెలర్ సాయంత్రం ఆరింటికి ఒక పావుగంట భయపడటానికే పెట్టుకోమన్నారు. వినడానికి వింతగా ఉంది కదా? ఆ పావుగంటలో మనసులో ఉన్నదంతా నోట్‌బుక్‌లో రాసేసేదాన్ని. రాత్రి భయం వస్తే "రేపు ఆరింటికి రా" అని దానికి చెప్పడం నెమ్మదిగా అలవాటైంది. కౌన్సెలర్ దగ్గరికి వెళ్ళే వీలు లేని వాళ్ళకి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416 ఉంది, 2022 నుంచి నడుస్తోంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు. బోరబండ చెల్లీ, మీ ఆయన చేయకపోయినా ముందు నువ్వు చెయ్యి. నీకూ అవసరమే.

---

తార్నాక_పెద్దమ్మ
ఉదయం 8:10

కాపడం గురించి చెప్పి మంచి పని చేశావు డాక్టరమ్మా. ఒక అనుమానం. ఆపరేషన్ అయిన చేత్తో జీవితాంతం బరువు ఎత్తకూడదంటారు కదా? మా పక్కింటి అమ్మాయి పోయిన బోనాలకి కుండ ఎత్తుకోలేదు, వెనక నడుస్తూ కళ్ళ నీళ్ళు పెట్టుకుంది.

---

ఫిజియో_మలక్‌పేట
ఉదయం 9:00

జీవితాంతం అన్నది పాత మాట పెద్దమ్మా. తేలికైన బరువుతో మొదలుపెట్టి క్రమంగా పెంచుతూ చేసే వ్యాయామం వల్ల చేతి వాపు ఎక్కువ కాదని 2009లో వచ్చిన పరిశోధన చూపించింది. చెయ్యి వాడకపోతేనే భుజం బిగుసుకుంటుంది, నొప్పి పెరుగుతుంది. అలవాటు లేకుండా ఒక్కసారిగా పెద్ద బరువు ఎత్తడం మాత్రం వద్దు. ఆ అమ్మాయిని ఇప్పట్నుంచే ఫిజియో పర్యవేక్షణలో మొదలుపెట్టమనండి. కుండ తల మీదికి ఇంకొకరు ఎక్కిస్తే, మోసేది తల, మెడ కదా. వాళ్ళ డాక్టర్ సరేనంటే వచ్చే ఆషాఢానికి ఎత్తుకోవచ్చు.

---

ఉప్పల్_టీచర్
కొన్ని వారాల తర్వాత, రాత్రి 9:30

అందరికీ చెప్పాలని వచ్చాను. పెయిన్ క్లినిక్‌కి వెళ్ళాను. కాగితం మీద రాసుకుని వెళ్ళాను, బోర్డు సంగతి మొదటి వరుసలో. డాక్టర్ గారు చంక, భుజం, చెయ్యి అన్నీ కదిలించి చూశారు. నరాల నొప్పే అన్నారు, ప్రీగాబాలిన్ చిన్న డోసు రాత్రికి ఇచ్చారు, టామోక్సిఫెన్ సంగతి నేనే చెప్పాను. ఫిజియోకి కూడా వెళ్తున్నాను. తీగల్లో ఒకటి కనబడట్లేదు, మిగతావి కొంచెం వదులయ్యాయి. దర్జీతో జాకెట్లకి చంక కుట్టు విప్పించి వదులు చేయించాను, కుట్టు బయటివైపుకి తిప్పించాను. పదికి ఏడు ఉండే మంట ఇప్పుడు నాలుగైదు ఉంటోంది. బోర్డు పై వరుస ఇంకా అందట్లేదు, మధ్య వరుస దాకా వచ్చాను.

నిన్న రాత్రి పక్కటెముకల దగ్గర నొప్పి వచ్చింది. భయమేసింది. క్యాలెండర్ మీద గుర్తు పెట్టాను, ఫోన్ పక్క గదిలో పెట్టి వచ్చాను. నిద్ర ఆలస్యంగానే పట్టింది.

నర్సు గారూ, ఒక ప్రశ్న. మాత్ర పదకొండింటికి వేసుకుంటున్నాను. పొద్దున్న మొదటి పీరియడ్‌లో తల బరువుగా, మత్తుగా ఉంటోంది. ఏం చేయాలి?

---

రిటైర్డ్_నర్సు
రాత్రి 9:48

చాలా సంతోషం తల్లీ. మొదటి వారాల్లో ఆ మత్తు ఉంటుంది, చాలామందికి తగ్గుతుంది. మీ డాక్టర్‌కి ఫోన్ చేసి, మాత్ర ఎనిమిదింటికే వేసుకోవచ్చా అని అడగండి. అలా మార్చాక కూడా తగ్గకపోతే డోసు వాళ్ళు సరిచేస్తారు, మీ అంతట మీరు ఆపకండి. మత్తు పోయేదాకా స్కూటీ నడపొద్దు, మెట్రోలోనో బస్సులోనో వెళ్ళండి. నిలబడాల్సి వస్తే ఎడమ చేత్తో పట్టుకోండి.

---

బోరబండ_ఇల్లాలు
రాత్రి 10:15

అక్కా, మా ఆయనకి ఇప్పుడు తొమ్మిది పుల్లలు పడుతున్నాయి. నిన్న ఇడ్లీ ముక్క చేసి తిన్నాడు, ఇన్నాళ్ళూ జావే. టెలీ మానస్‌కి నేను ఫోన్ చేశాను, ఆయన పక్కనే కూర్చుని విన్నాడు. భుజానికి సోమవారం ఫిజియో దగ్గరికి తీసుకెళ్తున్నాను.